అంతర్జాలమున దారివార్త: రూట్ రిఫ్లెక్టరు



నేటి ప్రసంగవిషయము పేరు వినినంతనే తమలో కొందఱు రేడియో కట్టివేయుదురేమో యని నాకు జంకుగా నున్నది. ముప్పదియేండ్లు బడిపిల్లలకు విభక్తులును సంధులును చెప్పుకొని బ్రతికినవాడను. యంత్రముల సంగతి నీకేమి తెలియునని మీరడిగినచో ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను ఈ విషయము నన్ను వెదకికొని వచ్చినది కాని నేను దానిని వెదకికొని పోలేదు. ఎట్లు వచ్చినదో ముందు మనవి చేసెదను.

మా యూరు ఖమ్మమునకును భద్రాచలమునకును నడుమ అడవి మొదలగు తావున నున్నది. ఒకానొక వర్షకాలమున మూడు దినములు మా చౌకధరల దుకాణమున ఎవ్వరి వ్రేలిముద్రను యంత్రము అంగీకరింపలేదు. బియ్యము బస్తాలు కంటి యెదుటనే యున్నవి. తూకము సిద్ధముగా నున్నది. కాని ముద్ర పడనిదే డీలరు గింజ కొలువరాదు. అడవిలోపలి గూడెము నుండి ఒక కోయ వృద్ధురాలు మూడు దినములును వానలో నడచి వచ్చి, వట్టి సంచితో మరలి పోయినది. డీలరు ‘తీగ తెగిందమ్మా’ అని చెప్పి పంపుచుండెను. నేనును అట్లే నమ్మితిని. మూడవ దినము సాయంకాలమున తీగ పనివారు వచ్చి ఈ కొన నుండి ఆ కొన వఱకు పరీక్షించి, తీగ ఎచ్చటను తెగలేదనియు, దానిలో వెలుగు చక్కగా పాఱుచున్నదనియు చెప్పిరి. తీగ యున్నది, వెలుగున్నది, మాట మాత్రము పోదు. ఇదేమి చిత్రము?

మా తమ్ముని కుమారుడు ఇట్టి యంత్రముల కొలువులో నున్నవాడు. అతని నడిగితిని. “పెదనాన్నా, దారి ఉంది గాని దారి చెప్పేవాళ్ళు లేరు. చెప్పే యంత్రాలు రెండూ ఒకే గదిలో పెట్టారు. కరెంటు పోయింది, జనరేటరు తడిసింది, రెండూ ఒక్కసారే పడిపోయాయి” అని అతడు చెప్పెను. ఆ గది ఏ సంస్థవారిదో నేనిచట చెప్పను. వరద వలన దారులు మూసికొనిపోయి, బాగుచేయువారు అచ్చటికి చేరుటకే అన్నిదినములు పట్టినదట. దారి చెప్పు యంత్రమనగా నేమో, అవి రెండే యేల యుండవలెనో, ఒకే గదిలో నేల యుండరాదో అతనివలన కొన్ని వారములు విని తెలిసికొంటిని. అదే నేటి ప్రసంగము.

అంతర్జాలము ఒక్క వల కాదు. అది వేలకొలది వలల సమూహము. ఒక్కొక్క వల ఒక్కొక్క యజమానుని ఏలుబడిలో నుండును. అట్టి ఏలుబడిని ఇంగ్లీషువారు అటానమస్ సిస్టమ్ అందురు. మనము స్వతంత్ర మండలమందము. ప్రతి మండలమునకును ఒక సంఖ్య యుండును. భారత సంచార నిగమము, అనగా మన బీఎస్‌ఎన్‌ఎల్ వారి మూలవలకు 9829 అనునది సంఖ్య. 1995 ఆగస్టు 15వ తేదీన మన దేశమున సామాన్యప్రజలకు అంతర్జాలము తెఱచిన విదేశ సంచార నిగమము తరువాతి కాలమున టాటా కమ్యూనికేషన్స్ అయినది. వారి సంఖ్య 4755. ఈ మండలముల నడుమ ‘ఫలానా చిరునామాకు పోవలెనన్న మా మీదుగా రావచ్చును’ అని చెప్పుకొను మర్యాదకు బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్ అని పేరు. పొట్టిపేరు బీజీపీ. ‘సరిహద్దు వాకిటి కట్టడి’ అని దానికి అర్థము చెప్పుకొనవచ్చును. 1989వ సంవత్సరమున కిర్క్ లాగీడ్, యాకోవ్ రెక్టర్ అను ఇరువురు ఇంజనీర్లు ఒక సభకు పోయి, భోజనపుబల్ల వద్ద కాగితపు చేతిగుడ్డల మీద దీని తొలిరూపము గీసిరట. అది నేటికిని లోకమంతటిని నడుపుచున్నది. ఇపుడు ఒక పెద్ద రూటరు, అనగా దారి చూపు యంత్రము, తన పట్టికలో తొమ్మిది లక్షలకు మించిన దారులను వ్రాసికొని యుండవలసి వచ్చుచున్నది.

ఈ మర్యాదలో నాకు మిక్కిలి నచ్చిన యంశమొకటి కలదు. వార్త ఒక మండలము నుండి మఱొక మండలమునకు పోవునపుడు, దాటిన ప్రతి మండలమును తన సంఖ్యను ఆ వార్తకు తగిలించును. మన ప్రవరలో ఋషుల పేర్లు వరుసగా చెప్పుకొందుము గదా, అట్లే. సంబంధము కుదుర్చునపుడు ప్రవర చెప్పించి, అందు తమ గోత్రమే వినబడినచో పెద్దలు ‘ఇది మనకు పనికిరాదు’ అని లేచిపోవుదురు. రూటరును అంతే. వచ్చిన వార్త ప్రవరలో తన సంఖ్య కనబడినచో, ‘ఇది నా యింట పుట్టి తిరిగి నా వద్దకే వచ్చిన వార్త’ యని త్రోసిపుచ్చును. తర్కశాస్త్రమున దీనినే చక్రకదోష పరిహారమందురు. ఒకదాని కొకటి ఆధారమైనచో అన్యోన్యాశ్రయము. మూడో, అంతకు మించియో గుండ్రముగా ఒకదానిపై నొకటి ఆధారపడినచో చక్రకము. దారివార్తలు చక్రకమున పడినచో, పొట్లము గానుగెద్దు వలె తిరిగి తిరిగి తుదకు నశించును గాని గమ్యము చేరదు.

ఇంతవఱకు మండలమునకును మండలమునకును నడుమ జరుగు సంభాషణ. దీనిని బయటి బీజీపీ, ఈ-బీజీపీ అందురు. కాని ఒక్క మండలములోపలనే వందలకొలది రూటర్లుండును. సరిహద్దు వాకిట నున్న రూటరు బయటివాని వలన వినిన వార్తను ఇంటిలోని తక్కిన రూటర్లకు చెప్పవలెను. ఇది లోపలి బీజీపీ, ఐ-బీజీపీ. చిక్కంతయు ఇచ్చటనే పుట్టినది. ఇంటిలోపల వార్త ఎంత తిరిగినను ప్రవరలో క్రొత్తసంఖ్య చేరదు, ఏలయన అందఱిదియు ఒకటే సంఖ్య. ఒకే గోత్రమువారు ఒకరినొకరు గోత్రమడిగి వడబోయుట ఎట్లు సాధ్యము? కావున లోపల చక్రకము పుట్టినచో పట్టుకొనుటకు ప్రవర పనికిరాదు.

దీనికి తొలి నిర్మాతలు ఒక మొరటు నియమము చేసిరి. ‘లోపలివాని వలన వినిన వార్తను లోపలి మఱొకనికి చెప్పరాదు. స్వయముగా బయటినుండి వినినదే చెప్పవలెను’ అని. ఇది మొరటు నియమమే. కాని దీని విలువ నాకు తెలియును. 1986 ఆగస్టులో భద్రాచలమున గోదావరి 75.6 అడుగులకు వచ్చిన సంగతి మీలో పెద్దవారు మఱచియుండరు. 53 అడుగులకే మూడవ ప్రమాదసూచిక ఎగురవేయుదురు గదా, దాని మీద ఇరువది రెండడుగులకు పైబడిన నీరు! నేనప్పుడు ఏటియొడ్డు పల్లెలో క్రొత్తగా చేరిన పంతులను. ఒకరాత్రి మా పల్లెలో ఒకడు ‘చెఱువుకట్ట జాఱుచున్నదేమో’ యని పక్కయూరివానితో ననెను. ఆ యూర అది ‘జాఱినదట’ అయ్యెను. మూడవ యూర ‘తెగినది’ అయ్యెను. మూడవ యూరి మనిషి తెల్లవాఱుజామున మా పల్లెకే వచ్చి, ‘మీ కట్ట తెగినదని రెండూళ్ళవారు చెప్పుచున్నారు’ అనెను. మావారు తమ నోట పుట్టిన మాట తమ చెవికే చేరగా, దానిని సాక్ష్యముగా పరిగణించి, పిల్లలను పశువులను తోలికొని చీకటిలో వాగు దాటిరి. నాలుగు దూడలు కొట్టుకొనిపోయినవి. కట్ట మాత్రము చెక్కు చెదరలేదు. ‘నీవు చూచినావా, వినినావా?’ అని ఒక్కడైనను అడిగియుండినచో ఆ దూడలు బ్రతికియుండెడివి. ఐ-బీజీపీ నియమము ఆ ప్రశ్నయే.

అయితే ఈ నియమమునకు వెల యున్నది. వినినది మఱొకనికి చెప్పగూడదు గనుక, ప్రతి రూటరును ప్రతి రూటరుతోను తిన్నగా మాటలాడవలసి వచ్చును. దీనికి సంపూర్ణజాలము, ఫుల్ మెష్ అని పేరు. లెక్క చూడుడు. పదిమంది యున్నచోట 45 జతలు. మన తెలంగాణ రాష్ట్రమున 33 జిల్లాలు కలవు. జిల్లా కొక రూటరు చొప్పున నుంచిన యెడల ముప్పదిమూటిని ముప్పదిరెంటితో గుణించి సగము చేయగా 528 జతలు. నూఱు రూటర్లయినచో 4,950. ఒక్కొక్క జతకు రెండుకొనలయందును విడివిడిగా ఆజ్ఞలు వ్రాయవలెను. ముప్పదినాలుగవ రూటరు క్రొత్తగా వచ్చినదనుకొనుడు. అది యొక్కటియే కాక, పాత ముప్పదిమూడింటిని కూడ తెఱచి, క్రొత్తదాని పేరు చేర్చవలెను. ఒకదానియందు మఱచినచో ఆ యొక్క జిల్లాకే ఏదో దారి తెలియక యుండును. అట్టి తప్పు వెంటనే బయటపడదు. ఎవడో ఒకడు ఎప్పుడో ‘మాకు మాత్రమే రాదేమి’ అని మొఱపెట్టినపుడు గాని తెలియదు. ఇది పెండ్లిపిలుపుల వంటిదని మీకు తెలియనిది కాదు. ఒక్క యింటివారిని మఱచినచో పెండ్లినాడు తెలియదు, పదేండ్ల తరువాత తెలియును.

1996 జూన్ మాసమున టోనీ బేట్స్, రవి చంద్రశేఖరన్ అను ఇరువురు దీనికి ఉపాయము వ్రాసి ప్రకటించిరి. అంతర్జాల కట్టడిపత్రములలో అది 1966వది. 2000లో నొకసారి, 2006లో మఱొకసారి దానిని సవరించిరి. నేటికి చెల్లుబాటగునది 2006 నాటి 4456వ పత్రము. ఉపాయము పేరు రూట్ రిఫ్లెక్షన్, అనగా మార్గప్రతిబింబనము. మొరటు నియమమును తీసివేయలేదు. ఒకరిద్దఱికి మాత్రము దానినుండి మినహాయింపు నిచ్చి, ఆ మినహాయింపునకు కట్టుదిట్టములు చేసిరి. అంతే.

వలలో ఒక రూటరును ప్రతిబింబకముగా నేర్పఱతురు. తక్కినవానిలో కొన్నింటిని దాని క్లయింట్లుగా, మన మాటలో అంతేవాసులుగా, చేర్తురు. అంతేవాసి గురువుతో మాత్రము సంబంధము పెట్టుకొనును. తక్కిన అంతేవాసులతో మాటలాడనక్కఱలేదు. ప్రతిబింబకము పాటించు నియమములు మూడు. అంతేవాసి చెప్పిన వార్తను తక్కిన అంతేవాసులకును, తనకు సమానులైన ఇతర రూటర్లకును చెప్పవచ్చును. సమానుడు చెప్పిన వార్తను అంతేవాసులకు మాత్రమే చెప్పవలెను, మఱొక సమానునికి చెప్పరాదు. బయటి మండలమువాడు చెప్పినది అందఱికిని చెప్పవచ్చును. పూర్వపు ముప్పదిమూడు జిల్లాల లెక్కకు మరల రండు. రెండు ప్రతిబింబకములు, ముప్పదియొక్క అంతేవాసులు. ప్రతి యంతేవాసికి ఇద్దఱు గురువుల తోడను సంబంధము, 62. గురువుల నడుమ ఒకటి. మొత్తము 63. ఐదువందల యిరువది యెనిమిది ఎక్కడ, అఱువది మూడెక్కడ! క్రొత్త రూటరు వచ్చినచో రెండే జతలు చేరును. పాత ముప్పదియొకటియు నిద్ర లేవనక్కఱలేదు.

మఱి చక్రకము మాటేమి? వినిన మాట చెప్పుటకు అనుమతి యిచ్చిన పిమ్మట ఆ దోషము తలుపు తట్టదా? తట్టును. అందుకే రెండు ముద్రలు వేసిరి. వార్తను మొదట లోపలికి తెచ్చిన రూటరు గుర్తును ప్రతిబింబకము వార్తపై వ్రాయును. దానికి ఒరిజినేటర్ ఐడీ అని పేరు. ఆ రూటరుకే ఆ వార్త తిరిగివచ్చినచో, ‘ఇది నా మాటయే’ యని త్రోసివేయును. మా పల్లెవారు ఆ రాత్రి చేయలేకపోయిన పని యిదియే. రెండవది క్లస్టర్ లిస్టు. ఒక గురువు, అతని అంతేవాసులు కలిసి ఒక గురుకులమని యెన్నుకొనుడు. ప్రతి గురుకులమునకు ఒక గుర్తు. వార్త ఏ యే గురుకులముల మీదుగా వచ్చినదో ఆ గుర్తులు వరుసగా పేర్చబడును. తన గురుకులపు గుర్తు అందున్నచో ప్రతిబింబకము ఆ వార్తను పారవేయును. ఇది ఇంటిలోపలి ప్రవర. బయటి ప్రవర లోపల పనికిరాకపోగా, లోపలికై వేఱొక ప్రవర కల్పించిరన్నమాట. ఈ పోలిక మా తమ్ముని కుమారునితో ననగా, నవ్వి, “మా పుస్తకాల్లో ఇంత తేలిగ్గా చెప్పలేదు పెదనాన్నా” అనెను. పెద్దవానిని సంతోషపెట్టుటకే అనెనేమో.

ఇక దీనిని యంత్రమున వ్రాయువిధము. ఆశ్చర్యమేమనగా, అంతేవాసి వైపున క్రొత్తగా వ్రాయవలసిన దేమియు లేదు. తాను అంతేవాసినని దానికి తెలియనే తెలియదు. గురువుతో మామూలు ఐ-బీజీపీ సంబంధమే యని అది యనుకొనును. ప్రతిబింబకము వైపున మాత్రము ఒక్కొక్క అంతేవాసికి ఒక్కొక్క పంక్తి హెచ్చుగా వ్రాయవలెను. ఎక్కువమంది వాడు సిస్కో వారి యంత్రములలో ఆ ఆజ్ఞలు ఈ తీరున నుండును. మొదట ‘రూటర్ బీజీపీ 64512’ అని మండల సంఖ్య. ఈ సంఖ్య ఇంటిలోపలి వాడుకకై విడిచిపెట్టబడినవానిలో మొదటిది, ఉదాహరణమునకు మంచిది. పిమ్మట ‘నైబర్ 10.0.0.21 రిమోట్-ఏఎస్ 64512’ అనగా ఆ చిరునామా గలవాడు మనవాడే. పిదప ‘నైబర్ 10.0.0.21 అప్‌డేట్-సోర్స్ లూప్‌బ్యాక్ 0’ అనియు, తుదకు ‘నైబర్ 10.0.0.21 రూట్-రిఫ్లెక్టర్-క్లయింట్’ అనియు. ఈ కడపటి పంక్తియే గురుశిష్య సంబంధమును కల్పించునది. తక్కినవన్నియు మామూలువే.

లూప్‌బ్యాక్ అనుమాట గూర్చి ఒక్క ముక్క చెప్పవలెను. రూటరుకు ఎన్నో వాకిండ్లుండును. ఏదో ఒక వాకిలి చిరునామాతో సంబంధము పెట్టుకొన్నచో, ఆ వాకిటి తీగ తెగగానే సంబంధము తెగును, వేఱు తీగలు ఎన్నియున్నను సరే. అట్లుగాక రూటరు లోపల ఎన్నటికిని మూతపడని కల్పితపు వాకిలి యొకటి యుండును. అదియే లూప్‌బ్యాక్. మనిషిని ‘తూర్పువీధి అరుగుమీద కూర్చుండువాడు’ అని గాక, పేరుపెట్టి పిలుచుటవంటిది. ఏ తీగ మిగిలినను ఆ తీగమీదుగా సంబంధము నిలుచును. ఏ గదికి ఏ నడవ మీదుగా పోవలెనో చెప్పుపని ఐ-బీజీపీది కాదు. దానిని ఓఎస్‌పీఎఫ్ అనియో, ఐఎస్-ఐఎస్ అనియో పేరుగల వేఱొక మర్యాద చూచుకొనును. అది సరిగా లేకున్నచో ప్రతిబింబకము ఎంత చక్కగా వ్రాసినను వ్యర్థమే.

ఇంకొకటి. ప్రతిబింబకము వార్తను మోయును గాని సరుకును మోయదు. వార్తలో ‘తదుపరి మజిలీ’ అని యొక గడి యుండును. ప్రతిబింబకము ఆ గడిని మార్చదు, మార్చగూడదు. చర్లలో నున్న రూటరుకు ఖమ్మములోని ప్రతిబింబకము ‘ఫలానా చిరునామాకు హైదరాబాదు వాకిలి’ అని చెప్పినచో, చర్ల సరుకు దగ్గఱదారిని తిన్నగా హైదరాబాదు వాకిటికే పోవును. దారి చెప్పిన పెద్దమనిషి ఇంటిమీదుగా బండి పోవలెనని నియమము లేదు గదా. కాని బయటివాడు చెప్పిన మజిలీ చిరునామా లోపలివారికి తెలియక పోవచ్చును. కావున సరిహద్దు వాకిటి రూటరు ఆ గడిలో తన చిరునామానే వ్రాసి లోపలికి పంపవలెను. దానికి ‘నెక్స్ట్-హాప్-సెల్ఫ్’ అను ఆజ్ఞ. క్రొత్తవారు తఱచుగా మఱచునది యిదియేనట. మఱచినచో వార్త అందఱికి చేరును, కాని ఎవ్వరికిని పనికిరాదు.

పాత సంపూర్ణజాలమును ప్రతిబింబనమునకు మార్చునపుడు ఒక్క రాత్రిలో మార్చరాదు. ముందు రెండు ప్రతిబింబకములను నిలిపి, ఒక్కొక్క రూటరును రెంటికిని అంతేవాసిగా చేర్చి, దాని పట్టికలో అన్ని దారులును వచ్చినవా యని సరిచూచి, ఆ మీదట గాని పాత జతలను తెంపరాదు. పాత దూలము తీయకముందే క్రొత్త దూలము క్రింద ఊతము పెట్టవలెనని మన వడ్రంగులకు చెప్పనక్కఱలేదు.

ఇక ఈ ఉపాయములోని లోపములు. దీనిని పొగడి ఊరకుండుట సత్యము కాదు. ప్రతిబింబకము తన వద్దకు వచ్చిన దారులలో తనకు ఉత్తమమని తోచిన దొక్కదానినే ఇతరులకు చెప్పును. తక్కినవి దాని కడుపులోనే యుండిపోవును. తనకు ఉత్తమమైనది అంతేవాసికిని ఉత్తమమగునా? ఉదాహరణము చూడుడు. బయటి యొక చిరునామాకు హైదరాబాదున నొక వాకిలి, విజయవాడ దిక్కున నొక వాకిలి కలవనుకొనుడు. రెండును అన్నివిధముల సమానమే. ప్రతిబింబకము హైదరాబాదున నున్నది. దానికి హైదరాబాదు వాకిలియే దగ్గఱ. కావున సత్తుపల్లి రూటరుకు కూడ ‘హైదరాబాదు వాకిలి’ అనియే చెప్పును. సత్తుపల్లివానికి విజయవాడ కూతవేటు దూరము. అయినను అతని మాట హైదరాబాదు చుట్టి పోవలసివచ్చును. పట్నమున కూర్చుండి అడవి యూరికి దారి చెప్పుటలోని కష్టమిది. దీనిని పరిహరించుటకు రెండు విధములు పుట్టినవి. ఒకటి, ఉత్తమమైన దొక్కటే గాక పెక్కు దారులను చెప్పనిచ్చు పద్ధతి, 2016లో కట్టడి యయినది. రెండవది, ప్రతిబింబకము తన స్థానమున గాక అంతేవాసి స్థానమున తాను నిలుచున్నట్లు భావించి దారి నెన్నుట, 2021లో కట్టడి యయినది. ఈ రెండవది నాకు మిక్కిలి నచ్చినది. అయినను వీని కన్నిటికంటె పాత హితమొకటి గలదు. ప్రతిబింబకమును తీగలు కలియు చోటనే, అంతేవాసులకు నడుమనే యుంచవలెను.

రెండవ లోపము మా యూరు మూడు దినములు అనుభవించినది. సంపూర్ణజాలములో ఒక రూటరు పడినచో అది యొక్కటే పడును. ప్రతిబింబకము పడినచో అంతేవాసు లందఱికిని దారులు మాయమగును. అందుకే రెండుండవలెను. రెండున్నను చాలదు, విడివిడి చోట్ల నుండవలెను. వేఱు వేఱు విద్యుత్తు, వేఱు వేఱు తీగ, వీలైనచో ఏటికి ఈవల నొకటి, ఆవల నొకటి. దారివార్త మాయమగుట ఎంత పెద్దవారినైనను విడువదు. 2021 అక్టోబరు 4వ తేదీ రాత్రి వాట్సాపు లోకమంతటను ఆఱుగంటల సేపు నిలిచిపోయినది మీకు జ్ఞాపకముండును. ఫేసుబుక్కువారి లోపలి మూలవల మరమ్మతులో నొక ఆజ్ఞ తప్పి, ఆ వల విడిపోగా, పేర్లకు చిరునామాలు చెప్పు వారి యంత్రములు తమ దారివార్తను బీజీపీనుండి తామే ఉపసంహరించుకొనెను. యంత్రములు బాగుగనే యున్నవి, వానికి పోవు దారి లోకమునకు తెలియలేదు. అది ప్రతిబింబకముల దోషము కాదు. కాని దారి చెప్పువాడు నోరు మూసినచో నేమగునో దానివలన తెలియును.

రెండు ప్రతిబింబకము లున్నపుడు రెంటికిని ఒకే గురుకులపు గుర్తు నీయవలెనా, వేఱు వేఱు గుర్తు లీయవలెనా యని పండితులలో వాదము కలదు. ఇది చిన్నదిగా తోచును గాని నాకు ఇందులోనే రుచి తోచినది. ఖమ్మమున నొకటి, కొత్తగూడెమున నొకటి ప్రతిబింబకము లనుకొనుడు. చర్లయు, సత్తుపల్లియు రెంటికిని అంతేవాసులు. ఒకనాడు చర్లకు ఖమ్మముతో సంబంధము తెగినది, కొత్తగూడెముతో మిగిలినది. అదేనాడు సత్తుపల్లికి కొత్తగూడెముతో తెగినది, ఖమ్మముతో మిగిలినది. చర్ల చెప్పిన వార్త కొత్తగూడెము చేరి, అచటినుండి ఖమ్మమునకు పోవును. రెంటికిని ఒకే గుర్తున్నచో ఖమ్మము ఏమి చేయును? వార్తపై తన గుర్తే యుండుట చూచి, ‘ఇది నాదే’ యని పారవేయును. సత్తుపల్లికి చర్ల దారి యెన్నటికిని తెలియదు. వేఱు గుర్తులున్నచో ఖమ్మము దానిని స్వీకరించి సత్తుపల్లికి చెప్పును. ఒకే గుర్తు వలన లాభము లేకపోలేదు. యంత్రము ఒక్కొక్క దారికి రెండు రెండు ప్రతులు మోయనక్కఱలేక, జ్ఞాపకపు చోటు మిగులును. వెనుకటి దినములలో ఆ చోటు ఖరీదైనది కనుక పెద్దలు ఒకే గుర్తును మెచ్చుకొనిరి. నేడది చౌక. మన అడవిసీమలో తీగలు తెగుటయే మామూలు. కనుక వేఱు గుర్తులే మేలని నా యభిప్రాయము. ఏమియు వ్రాయకున్నచో యంత్రము తన సొంత గుర్తునే గురుకులపు గుర్తుగా తీసికొనును. అనగా ఊరకుండుటయే ఇచట సరియైన పని.

తీగ సంగతియు ఒక మాట చెప్పి ముగించెదను. పంచాయితీలకు వెలుగుతీగ వేయు కేంద్రప్రభుత్వ పథకమునకు 2011లో అనుమతి వచ్చెను. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చిరి. మొదట వేసిన తీగలు చాలచోట్ల చెట్టుకొమ్మ వలె ఒకే వైపునుండి వచ్చి ఊరితో నిలిచిపోయినవి. మొదట తెగినచో కొన నున్న ఊళ్ళన్నియు చీకటి. 2023 ఆగస్టులో అంగీకరించిన సవరణపథకమున తీగను వలయముగా వేయవలెనని నిర్ణయించిరి. వలయమైనచో ఒకవైపు తెగినను మఱొకవైపునుండి వెలుగు వచ్చును. మీ పంచాయితీకి తీగవారు వచ్చినపుడు రెండు ప్రశ్నలు వేయుడు. తీగ వలయమా, కొమ్మయా? దారి చెప్పు యంత్రములు రెండును ఎచ్చటెచ్చట నున్నవి? మొదటి ప్రశ్న వారికి అలవాటే. రెండవదానికి ఒక్క నిమిషము మీవంక తేఱిపాఱ చూతురు. అయినను ఉత్తరము చెప్పగలరు.

మా సీమ ప్రతిబింబకములలో రెండవదానిని మఱుసటి సంవత్సరమున వేఱొక పట్టణమునకు తరలించిరని మా తమ్ముని కుమారుడు చెప్పెను. ఆ పిదప శ్రావణమాసమున ఒకరాత్రి మొదటి యంత్రమున్న చోట విద్యుత్తు లేక తెల్లవాఱినది. మఱునాటి యుదయమున నేను దుకాణము వద్దకు పోయి నిలుచుంటిని. ఆ గూడెపు ముసలిది సంచి పట్టుకొని వచ్చినది. డీలరు యంత్రము చాచెను. ఆమె వ్రేలు కొంగుతో తుడిచికొని పెట్టినది. పచ్చదీపము వెలిగినది. డీలరు బియ్యము కొలిచెను. రాత్రి యేమి జరిగినదో అతనికి తెలియదు, ఆమెకును తెలియదు. నేనడిగిన “ఏమవ్వా, నేడు ముద్ర పడిందా?” అను ప్రశ్నకు ఆమె నావంక వింతగా చూచి, సంచి నెత్తికెత్తుకొని దారిబట్టినది.